పేలని ఎయిర్‌బ్యాగ్

"ఆ రోజు పొద్దున మీ ఆయన కోపంగా ఉన్నారా?"

లెక్కల టీచర్ కుర్చీ చేతిని గోటితో గీకుతూ కూర్చుంది.

"కోపంగా ఉన్నది ఆయన కాదండీ. నేను."

ఇన్‌స్పెక్టరమ్మ మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. పోలీసు ఉద్యోగం వదిలేసి ఏళ్ళు గడిచినా, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా, ఆ పిలుపు మాత్రం ఆమెను వదల్లేదు. రోడ్డు ప్రమాదాల విభాగంలో పనిచేసినన్నాళ్ళు ఆమె చూడని చావు లేదు. అందుకే టీచర్ వెతికి మరీ ఆమెనే ఇంటికి పిలిపించింది.

టీచర్ భర్త పళ్ళ డాక్టరు. మూడు వారాల కిందట క్లినిక్ నుంచి ఇంటికి వస్తూ ఫ్లైఓవర్ దిగిన చోట కాంక్రీటు గోడను గుద్దుకుని చనిపోయాడు. నడిపింది మామూలు కారు కాదు. తొక్కితే విమానంలా లేచే రెండు తలుపుల పరుగుల బండి. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ బండి పేరు చూసి, ఎవరితోనో పందెం వేసుకుని నడిపి ఉంటాడని తేల్చేసింది. పందెం అయితే పరిహారం రాదు.

"పరిహారం సంగతి తర్వాతండీ," అంది టీచర్. "మా పాపని స్కూల్లో పిల్లలు 'మీ నాన్న రేసులాడి చచ్చిపోయాడట కదా' అని అడుగుతున్నారు. అది అబద్ధమని నాకు కాగితం మీద కావాలి."

"ఆ కారు గురించి చెప్పండి."

"సవతి గురించి చెప్పమన్నట్టుంది." టీచర్ నవ్వబోయి ఆగిపోయింది. "చదువుకునే రోజుల నుంచి దాని మీద మోజు. కొత్తది కొనాలంటే ఈ ఇల్లమ్మినా చాలదు. నాలుగేళ్ళు వాడినది మామూలు కారు ధరకే వచ్చిందని మురిసిపోయారు. కారు పాతదయితే దాని సామాన్లు కూడా పాత ధరకి ఇస్తారా ఎవరైనా? వచ్చిన నెలకే టైర్లు నాలుగూ మార్చాలన్నారు. ముందువి ఒక సైజు, వెనకవి ఒక సైజు. ఏడాది తిరక్కుండా మళ్ళీ నున్నగా అరిగాయి. తర్వాత నీళ్ళు కారుతున్నాయన్నారు. నా అరచేతంత ప్లాస్టిక్ గొట్టం అది. దాన్ని మార్చాలంటే మొత్తం ఇంజన్ కిందికి దింపాలిట! అది అయ్యిందనుకునేసరికి బ్రేకులు. బ్రేకులయ్యాక టర్బో దగ్గర ఆయిల్ లీకు. వారం రోజులు బయటికి తీయకపోతే బ్యాటరీ పడుకునేది. దాన్ని లేపడానికి మళ్ళీ ఒక మనిషి."

"మీరు వద్దనలేదా?"

"లెక్కల టీచర్ని కదా, కూర్చోబెట్టి లెక్క చెప్పాను. ఏనుగుని కొన్నాక అంకుశం దగ్గర బేరమేమిటే అని నవ్వేశారు. కానీ ఆయన నెమ్మదిగానే నడిపేవారండీ. ఆదివారం వస్తే పాపని ఎక్కించుకుని ఊరంతా తిప్పి తెచ్చేవారు. ఆ ఇంజన్ చప్పుడు వింటే చాలు ఆయనకి. తొక్కనక్కర్లేదు."

"మరి పొద్దున గొడవ దేనికి?"

టీచర్ లేచి వెళ్ళి, లోపల పాప ఉన్న గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"చివరి నెల రోజులు మమ్మల్ని ఆ కారెక్కనివ్వలేదు. పాప ఏడ్చినా సరే. ఆటోలో వెళ్ళండి, బస్సులో వెళ్ళండి అనేవారు. తను మాత్రం రోజూ అందులోనే. నేనేమనుకుంటాను చెప్పండి? పక్క సీటు ఇంకెవరికో ఇచ్చేశారనుకున్నాను. ఆ రోజు పొద్దున ఆ మాటే అనేశాను. ఆయన కాదనలేదు, అవుననలేదు. 'సాయంత్రం మాట్లాడుకుందాం' అన్నారు. సాయంత్రం..."

ఆ కారు ఇప్పుడు ఎక్కడుందో అడిగి ఇన్‌స్పెక్టరమ్మ లేచింది.

*

నుజ్జయిన బళ్ళు వరసగా పడి ఉన్న ఇన్సూరెన్స్ యార్డులో ఆమె కోసం ఒక మనిషి అప్పటికే ఎదురుచూస్తున్నాడు. కంపెనీ తరఫు దర్యాప్తు అధికారి. ఎండ ఎంత మండినా మెడలో టై విప్పడు కాబట్టి అందరూ 'టై' అనే అంటారు. ఒకప్పుడు ఆమె కింద పనిచేసి, ఆమె దగ్గరే అక్షరాలు దిద్దుకున్నవాడు. ఇప్పుడు అతని జీతం, అప్పటి ఆమె జీతానికి మూడింతలు.

"రండి మేడమ్. చివరి చూపు చూసుకోండి. వచ్చే వారం ఇది తుక్కు కిందికి వెళ్ళిపోతుంది."

"తొందరపడుతున్నావు. ఫైలు మూసేశావా?"

"మూయడానికేముంది? పరుగుల బండి, ఖాళీ రోడ్డు, మగాడి కాలు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో మీరే కదా నేర్పించారు."

"చూసి మాట్లాడమని కూడా నేర్పించాను. అది మర్చిపోయినట్టున్నావు."

ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ముందు భాగం నలిగింది గాని, ఆ నలుగుడు బానెట్ సగంలోనే ఆగిపోయింది. కుడి దీపం అద్దం చెక్కు చెదరలేదు. ముందద్దం పగల్లేదు. ఇంజన్ తన చోటు నుంచి అంగుళం కూడా వెనక్కి జరగలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చక్రం చూసింది. టైరు ఒక పక్కన గోకినట్టు అరిగి ఉంది. బ్రేకు తొక్కి, స్టీరింగ్ పక్కకి కోసిన గుర్తు.

"దేన్నో తప్పించబోయాడు. పందెం కట్టినవాడి బండి ఇలా నలగదు. ముందు చక్రాలు ఈ యార్డులో ఉంటాయి, వెనక చక్రాలు పక్క వీధిలో ఉంటాయి. ఇది ఆఫీసు నుంచి ఇంటికొచ్చేవాడి వేగం."

"మరి ఆ వేగానికి మనిషెందుకు పోయాడు మేడమ్? అన్ని రకాల రక్షణలూ ఉన్న బండి."

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆమె తలుపు తీసి లోపలికి వంగింది. పక్క సీటు ముందు ఎయిర్‌బ్యాగ్ పేలి, గాలి దిగిపోయిన తెల్లటి సంచిలా వేలాడుతోంది. సీటు కింద డాక్టరు పనిముట్ల పెట్టె బోర్లా పడి ఉంది. ఆ పెట్టె బరువు చూసి, ఎవరో మనిషి కూర్చున్నారనుకుని బండి ఆ వైపు ఎయిర్‌బ్యాగ్ విప్పింది. మరి మనిషి కూర్చున్న వైపు?

స్టీరింగ్ మధ్యలో నల్లటి మూత నిక్షేపంలా ఉంది. ఒక్క చీలిక కూడా లేదు.

"నీ రిపోర్టులో ఎయిర్‌బ్యాగులు పనిచేశాయని రాశావు."

"పనిచేశాయిగా. అదిగో వేలాడుతోంది."

"అది పెట్టెని కాపాడింది." ఆమె మూత మీద వేలితో కొట్టింది. డొల్ల చప్పుడు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి అంచు లేపింది. మూత అప్పడంలా ఊడి చేతిలోకి వచ్చింది. వెనక ఏమీ లేదు. మడతపెట్టిన సంచి ఉండాల్సిన చోట ఖాళీ గిన్నెలాంటి గుంట. అందులో రెండు వైర్ల కొసలు కలిపి, మధ్యలో బియ్యపుగింజంత రెసిస్టర్ అతికించారు.

"ఇది చూడు. ఇక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉందని బండి కంప్యూటర్‌ని నమ్మించడానికి పెట్టిన గింజ. ఇది ఉంటే ఎదురుగా ఎర్రదీపం వెలగదు. నడిపేవాడికి అనుమానం రాదు. నీ డాక్టరు పందెంలో పోలేదయ్యా. గుండెకి అడ్డం రావాల్సింది రాక పోయాడు."

చెబుతున్నంతసేపూ ఆమెకు గెలుపు రుచి నాలిక మీద తగులుతూనే ఉంది. తన దగ్గర పని నేర్చుకున్నవాడి ముందు, తను నేర్పినట్టు చేయనివాడి ముందు, ఆ మూత ఊడదీసి చూపించడంలో ఒక ఆనందం ఉంది. టై వంగి చాలాసేపు చూశాడు. నిటారుగా నిలబడ్డాక అతని మొహంలో ఓడిపోయినవాడి చాయలేమీ లేవు.

"థాంక్స్ మేడమ్."

"దేనికి?"

"పందెం నిరూపించడం కష్టమని మావాళ్ళు భయపడుతున్నారు. సాక్షి లేడు కదా. ఇది ఎంత తేలికో చూడండి. రక్షణ భాగం పీకేసి, డమ్మీ మూత పెట్టి, కంపెనీకి చెప్పకుండా యజమాని బండి నడిపాడు. పాలసీ అక్కడే చచ్చిపోయింది."

ఇన్‌స్పెక్టరమ్మకు చేతిలోని మూత ఒక్కసారిగా బరువెక్కింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"యజమానే పెట్టించాడని నీకెవరు చెప్పారు? ఆయనకు తెలియకుండా ఎవరైనా చేసి ఉండచ్చు."

"ఉండచ్చు. తెలియదని మీరు నిరూపించండి. తెలుసని నేను నిరూపిస్తాను." అతను తలుపు అంచున అంటించి ఉన్న గ్యారేజ్ స్టిక్కర్ వైపు చూసి, టై సర్దుకున్నాడు. "ఇద్దరం వెతికేది నిజమే కదా మేడమ్."

అతను వెళ్ళిపోయాడు. మూత తీసే ముందు ఒక్క క్షణం చెయ్యి ఆపుకుని ఉంటే ఎంత బాగుండేది! నలుగుడు ఒక్కటే చూపించినా పందెం మాట కొట్టేసేవాళ్ళు. చేతులు కాలాక ఇప్పుడు ఆకులు పట్టుకోవాలి.

మూత చేతిసంచిలో వేసుకుని టీచర్‌కి ఫోన్ చేసింది.

"ఈమధ్య మీ ఆయన కాక ఆ కారు ఇంకెవరైనా తీసుకెళ్ళారా?"

"లేదండీ. ఆయన ప్రాణం పోయినా ఎవరికీ..." అని, తన నోటి మాటకు తనే ఉలిక్కిపడి ఆగింది. "ఒక్కసారి. ఆయన మీటింగుకని ఊరెళ్ళారు. అప్పుడు మా మరిది తీసుకెళ్ళాడు, ఫోటోలు తీసుకోవడానికి. అన్నయ్యకి చెప్పకు వదినా, సాయంత్రానికి తెచ్చేస్తానన్నాడు. ఆయన వచ్చే రోజు పొద్దున తెచ్చాడు. కడిగించి మరీ తెచ్చాడండీ. మెరిసిపోతూ ఉంది."

*

డాక్టరు తమ్ముడిది ఫోటో స్టూడియో. లోపల మూడు కెమెరా స్టాండులు నిలబడి ఉన్నాయి గాని, దేని మీదా కెమెరా లేదు. గోడ మీద అతను తీసిన ఫోటోల్లో ఒకదాని చోట, బహుశా ఆ కారుదే, మేకు మాత్రం మిగిలింది.

"కెమెరాలు రిపేరుకిచ్చారా?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"ఆ... అవునండీ. సర్వీసింగుకి."

"మూడూనా?"

అతని గడ్డం మాసి ఉంది. కళ్ళ కింద నలుపు. అన్న పోయిన దుఃఖం అలాగే ఉంటుంది. కానీ దుఃఖంలో ఉన్నవాడు ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి చూస్తాడు, భయంలో ఉన్నవాడే వాళ్ళ చేతుల వైపు చూస్తాడు. ఇతను ఆమె చేతిసంచి వైపే చూస్తున్నాడు. ఆమె అందులోంచి నల్లటి మూత తీసి బల్ల మీద పెట్టింది.

ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. అతను స్టూలు మీద కూలబడ్డాడు.

"వాన పడుతోందండీ. మెల్లగానే పోతున్నాను. మలుపు దగ్గర కొంచెం, నిజంగా కొంచెమే తొక్కాను. వెనక చక్రాలు జారిపోయాయి. గట్టు రాయికి తగిలింది. బయటికి పెద్ద దెబ్బేం లేదు, బంపరు పగిలింది. కానీ ఎయిర్‌బ్యాగ్ పేలిపోయింది. మొహం మీద కొట్టింది. ఏం చేయాలో తెలియలేదు. అన్నయ్య ఎల్లుండి వస్తాడు."

"గ్యారేజీకి తీసుకెళ్ళారు."

"ఎయిర్‌బ్యాగ్ ఎంతవుతుందని అడిగాను. గ్యారేజ్ ఓనరు చెప్పిన అంకె నా కెమెరాలన్నీ అమ్మినా రాదు. అది ఒక్కటే మారిస్తే చాలదుట, బెల్టులు మార్చాలి, కంప్యూటర్ డబ్బా మార్చాలి, అన్నీ బయటి నుంచి రావాలి. రెండు నెలలు పడుతుందన్నాడు. నాకున్నది ఒక్క రోజు. ప్రస్తుతానికి మూత పెట్టేస్తాం, దీపం వెలగకుండా చూస్తాం, తర్వాత నిదానంగా అసలుది వేసుకుందువుగాని అన్నాడు. సరేనన్నాను." అతను కళ్ళు తుడుచుకోలేదు. "ఆ తర్వాత కెమెరాలన్నీ ఒకటొకటిగా అమ్మేశాను. సగం పైగా కూడబెట్టాను కూడా. అసలుది వేయించేసి, అప్పుడు అన్నయ్య కాళ్ళ మీద పడి చెప్పేద్దామనుకున్నాను."

"ముందే చెబితే ఆయన కారు పక్కన పెట్టేవారు కదా?"

"ప్రతి ఆదివారం అదే అనుకుని వెళ్ళేవాణ్ణి. నన్ను చూడగానే 'ఏరా, తిన్నావా' అనేవాడు. ఆ మాట విన్నాక ఇంక నా నోరు పెగిలేది కాదు." తలెత్తాడు. ఈసారి ఆమె కళ్ళల్లోకే చూశాడు. "మా అన్నయ్యకి ఏమీ తెలియదండీ. నేనే చంపుకున్నాను. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తాను. జైలుకైనా పోతాను. మా వదినకి రావాల్సింది రానివ్వండి."

కేసుకు కావలసింది సరిగ్గా అదే. యజమానికి తెలియకుండా జరిగింది, చేసినవాడు ఒప్పుకున్నాడు. ఆమె ఉద్యోగ జీవితంలో ఇంతకంటే తేలికైన ఒప్పుకోలు ఇంకొకటి దొరకలేదు. ఇంతకంటే చేదైనది కూడా. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి చూస్తే, ఆ ఖాళీ స్టాండుల మధ్య అతను నాలుగో స్టాండులా కదలకుండా ఉన్నాడు.

*

గ్యారేజ్ ఓనరు మాట తీయనిది. ఏసీ గది, మెత్తటి సోఫా, అద్దం అవతల లిఫ్టు మీద ఎక్కించిన ఖరీదైన బళ్ళు. మూత బల్ల మీద పెట్టగానే ఆ తీపి కాస్తా విరిగింది.

"నేను చేయనన్నాను మేడమ్. కుర్రాడు ఏడ్చాడు. జాలిపడ్డాను."

"జాలికి బిల్లు వేశావా?"

అతను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"నువ్వు పెట్టిన గింజ వల్ల ఒక మనిషి పోయాడు. పోలీసుల దగ్గర నీ జాలి సంగతి చెబుదువుగాని. ముందు నాకొక్క మాట చెప్పు. ఇది పెట్టినట్టు డాక్టరుకి తెలియదు. అవునా?"

ఓనరు అద్దం వైపు చూశాడు, నేల వైపు చూశాడు. ఒక్కసారి అవునంటే సరిపోయేది. ఇన్‌స్పెక్టరమ్మ కూడా, అతను అవునంటే చాలు, లేచి వెళ్ళిపోవడానికి సిద్ధంగా కూర్చుంది.

"తెలుసు మేడమ్."

"ఏమిటి?"

"ఆయనే వచ్చారు. పోవడానికి నెల రోజుల ముందు. ఆ మూత రంగు చూసి పట్టేశారుట. 'నేను రోజూ కట్టుడు పళ్ళు చేసేవాణ్ణి. ఏది అసలుదో ఏది అతికించిందో నాకు చూపించాలా' అన్నారు. నా చేత మూత తీయించారు. లోపల చూసి 'మా తమ్ముడేనా' అన్నారు. తలూపాను. తిడతారనుకున్నాను. 'వాడికి దెబ్బలేమైనా తగిలాయా' అని అడిగారు."

లిఫ్టు కిందికి దిగుతున్న చప్పుడు అద్దం అవతల నుంచి సన్నగా వినిపించింది.

"అసలు ఎయిర్‌బ్యాగ్‌కి అప్పుడే ఆర్డర్ ఇచ్చారు. మిగతా ఎయిర్‌బ్యాగులు పనిచేస్తాయా అని అడిగారు. ఒకసారి ఇలా కెలికాక ఏది పేలుతుందో ఏది పేలదో నేను చెప్పలేనన్నాను. 'అయితే మావాళ్ళని ఎక్కించకూడదు' అన్నారు. మీరూ నడపకండి, ఇక్కడ వదిలేయండి అన్నాను మేడమ్. ఒట్టు, అన్నాను. బండి ఇంట్లో కనబడకపోతే తమ్ముడికి అర్థమైపోతుందన్నారు. 'వాడు నాకు తెలియదనుకుంటున్నాడు. వాడంతట వాడే వచ్చి చెప్పాలి. చెప్తాడు. మావాడు అబద్ధాన్ని ఎక్కువ రోజులు మొయ్యలేడు. అప్పటిదాకా నెమ్మదిగా నడుపుతాలే' అన్నారు."

తమ్ముడు డబ్బు కూడాలని ఎదురుచూశాడు. అన్న తమ్ముడు రావాలని ఎదురుచూశాడు. ఒకరి మొహం చూస్తూ ఒకరు, ఆదివారం తర్వాత ఆదివారం, 'తిన్నావా' అంటే 'తిన్నాను' అనుకుంటూ గడిపేశారు. ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడవాల్సింది అద్దాలు కాదని ఆమెకు తెలుసు.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"మధ్యాహ్నం ఒకాయన వచ్చారు మేడమ్. టై కట్టుకున్నాయన. ఇన్సూరెన్స్ వాళ్ళం, దాస్తే నీ గ్యారేజ్ మూయిస్తామన్నారు. అంతా చెప్పేశాను. నాతో సంతకం కూడా పెట్టించుకున్నారు."

*

టీచర్ తలుపు తీసి, ఆమె మొహం చూసి, ఏమీ అడక్కుండానే కూర్చుంది. చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలో ఇన్‌స్పెక్టరమ్మకు తోచలేదు. ప్రమాదాల గురించి వందల ఇళ్ళల్లో చెప్పి ఉంటుంది. ఏ ఇంట్లోనూ ఆ పని తేలిక కాలేదు. ఇక్కడ ఆమె చివరి నుంచి మొదలుపెట్టింది.

"మీ పక్క సీటు ఆయన ఎవరికీ ఇవ్వలేదమ్మా."

అంతా విన్నాక టీచర్ ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పిల్లలు తప్పు చేసిన లెక్కలో ఎక్కడ తప్పిందో వెతికినట్టు, ఎదురుగా గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదండీ," అంది చివరికి. "నాతోనైనా. మరిదితో అననని ఒట్టేయించుకుని చెప్పచ్చు కదా. నేను అన్ని మాటలంటుంటే నోరు మూసుకుని నిలబడ్డారు. చెప్పు తీసుకుని కొట్టినంత మాట అన్నానండీ. ఆ మాటే మూటగట్టుకుని వెళ్ళారు."

"ఇప్పుడు మీరు నిర్ణయించుకోవాలి. క్లెయిము కోసం మనం పోరాడితే, ఆయనకి తెలుసన్న సంగతి కంపెనీ బయటపెడుతుంది. అక్కడితో అది పోతుంది. ఆ మాట మీ మరిది చెవిన కూడా పడుతుంది."

"వాడికి ఇంకా తెలియదా?"

"తెలియదు. అన్నకి తెలియకుండా చేశాననే అనుకుంటున్నాడు. ఆ బరువు ఒకటి. అన్న అంతా తెలిసి తనకోసం ఎదురుచూశాడని వింటే, ఆ బరువు ఇంకొకటి."

టీచర్ లేచింది. కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"క్లెయిము వెనక్కి తీసేసుకుంటాను. రాసి ఇస్తాను. పందెం కాదని ఒక్క ముక్క మాత్రం వాళ్ళ చేత రాయించండి, పాప కోసం. ఆ గ్యారేజ్ వాణ్ణి మాత్రం వదలకండి. మా మరిదికి ఇది ఎప్పటికీ తెలియకూడదు. ఆయన నెల రోజులు దాచింది నేను నాలుగు రోజుల్లో బయటపెడితే ఇంకేముంది?"

ఇన్‌స్పెక్టరమ్మ టై నంబరు కోసం ఫోన్ తీసింది. క్లెయిమే లేకపోతే అతనికి ఈ నిజంతో పనిలేదు. కావాలంటే బతిమాలుకుంటుంది. తన దగ్గర పని నేర్చుకున్నవాడి ముందు తలొంచడానికి ఇప్పుడు ఆమెకు నామోషీ లేదు.

ఆమె నంబరు నొక్కేలోపే టీచర్ ఫోన్ మోగింది.

"మా మరిదండీ," అని టీచర్ స్పీకర్ నొక్కింది.

"వదినా." వెనక గాలి హోరు. "అన్నయ్యకి తెలుసట కదా."

టీచర్ గొంతు తొణకనివ్వలేదు. "ఏం తెలుసు? ఎవరు చెప్పారు నీకు?"

"ఇన్సూరెన్సాయన వచ్చాడు. అన్నయ్యకి తెలుసని నన్ను కూడా రాసివ్వమన్నాడు. గ్యారేజ్ వాడు సంతకం పెట్టిన కాగితం చూపించాడు." అతని మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "పోవడానికి ముందు రోజు అన్నయ్య నా స్టూడియోకి వచ్చాడు వదినా. నీకు తెలియదు. ఎప్పుడూ రానివాడు వచ్చి అరగంట కూర్చున్నాడు. ఖాళీ స్టాండులన్నీ చూశాడు. 'ఏమైనా చెప్పాలారా నాకు' అని అడిగాడు. లేదన్నాను. 'ఏం ఫర్వాలేదు, ఏదైనా చెప్పచ్చు' అన్నాడు. ఏం లేదన్నయ్యా అన్నాను. నవ్వి, నా తల నిమిరి వెళ్ళిపోయాడు. వదినా, నేను ఒక్క మాట చెప్పి ఉంటే..."

పెద్ద బండి హారను ఒకటి దగ్గరికొచ్చి, అరుస్తూ దాటిపోయింది. ఇంజన్ గొంతు పెరుగుతోంది. ఇన్‌స్పెక్టరమ్మ లేచి నిలబడింది. అతను నడుపుతున్నాడని, ఆపే ఉద్దేశంతో నడపడం లేదని ఆ చప్పుడే చెబుతోంది. ఏదో అనబోతుంటే టీచర్ చెయ్యెత్తి ఆపింది.

"చూడు నాన్నా. నీ మీద కోపం లేదని నేను చెప్పను. ఉంది. బోలెడుంది. నీ మీదా ఉంది, మీ అన్న మీదా ఉంది, నా మీద నాకూ ఉంది. ఆయన్ని తిట్టుకోవడానికి ఆయన లేరు. నువ్వు కూడా లేకపోతే ఇదంతా నేనెవరితో అనను? ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని పడాలి నువ్వు. ఫోన్లో కుదరదు. బండి పక్కకి తియ్యి."

గాలి. ఇంజన్.

"ఆయన నిన్ను ఒక్కటే అడిగారు. నేనూ ఒక్కటే అడుగుతున్నాను. పక్కకి తియ్యి నాన్నా."

ఇన్‌స్పెక్టరమ్మ అప్పటికే తాళాలు తీసుకుని గుమ్మం దగ్గర ఉంది. ఎక్కడున్నాడో ఒక్క ముక్క చెబితే చాలు. టీచర్ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. గాలి హోరు కొంచెం కొంచెంగా తగ్గినట్టు అనిపించింది. నిజంగా తగ్గిందో, తమ ఆశో తెలియలేదు.

అప్పుడు వినిపించింది. టిక్... టిక్... టిక్... టిక్.

అతను ఇండికేటర్ వేశాడు.